ఫైబరా, స్టిర్ బారా? ద్రావణి లేని సంగ్రహణలో ఏది మేలు

జీసీ-ఎంఎస్ (ఆవిరయ్యే అణువులను విడదీసి గుర్తించే యంత్రం) మీద పని మొదలుపెట్టినవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది: ద్రావణి వాడకుండా శాంపిల్ తయారు చేయాలంటే ఎస్‌పీఎంఈ ఫైబర్ (అణువులను పీల్చుకునే పూత ఉన్న సన్నని పోగు) కొనాలా, స్టిర్ బార్ (అలాంటి పూతతో శాంపిల్‌లో తిరిగే చిన్న అయస్కాంత కడ్డీ) కొనాలా? అడిగేవాళ్ల దృష్టంతా పీక్ (డిటెక్టర్ గీసే గీతలో శిఖరం) దేనితో పెద్దగా వస్తుందనే దానిమీదే ఉంటుంది. నేనైతే ముందు చూసేది పూత ఎంత, శాంపిల్ ఎంత అన్నదే.

ఫైబర్‌ను కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో పావ్లిషిన్ బృందం 1990లో పరిచయం చేసింది. మామూలు పీడీఎంఎస్ (ఒక రకం సిలికోన్) ఫైబర్ పొడవు ఒక సెంటీమీటరు, పూత మందం 100 మైక్రాన్లు. ఆ పూతంతా కలిపినా అర మైక్రోలీటరు చిల్లర. 1999లో వచ్చిన స్టిర్ బార్ మీద ఉండేదీ అదే పీడీఎంఎస్. కాకపోతే సైజును బట్టి 24 నుంచి 126 మైక్రోలీటర్ల దాకా ఉంటుంది.

ఈ తేడా ఏం చేస్తుందో లినలూల్‌తో చూద్దాం. మొక్కల్లో, టీలో, క్రీముల్లో ఎక్కడ వెతికినా కనిపించే అణువు అది. ఆక్టనాల్-నీటి మధ్య దాని విభజన గుణకం దాదాపు 1000, అంటే నీటిలో దాని గాఢత ఒక వంతు ఉంటే ఆక్టనాల్ అనే నూనెలాంటి ద్రవంలో వెయ్యి వంతులు ఉంటుంది. పీడీఎంఎస్‌కీ అదే గుణకం వర్తిస్తుందనుకుని లెక్క వేద్దాం. 10 మిల్లీలీటర్ల నీటిలో ఫైబర్ ముంచితే, సమతాస్థితికి వచ్చేసరికి పూతలోకి చేరేది సుమారు 5 శాతం. అదే నీటిలో 100 మైక్రోలీటర్ల పూత ఉన్న బార్ తిరిగితే 91 శాతం.

5 శాతమైనా డిటెక్టర్‌కు సరిపోతుంది కదా అంటారు. సరిపోతుంది, నిజమే. చిక్కు వేరేచోట ఉంది. శాంపిల్‌లో కాస్త ఆల్కహాల్ ఉండి ఆ గుణకం 1000 నుంచి 800కి పడిపోయిందనుకోండి. ఫైబర్ ఇచ్చే సంఖ్య ఐదో వంతు తగ్గిపోతుంది. బార్ ఇచ్చేది 91 నుంచి 89కి దిగుతుంది, అంతే. రసం మారినా, బ్యాచ్ మారినా అంకె నిలబడాలంటే ఇదే అసలు విషయం. ద్రవాల్లో పరిమాణం తేల్చే పనికి నేను బార్ వైపు మొగ్గేది ఇందుకే.

బార్‌తో ఇబ్బందులు లేవని కాదు. నీటిని ఇష్టపడే అణువుల దగ్గర దాని బలం పోతుంది. వెనిలిన్ గుణకం 16 దాకానే కాబట్టి ఇదే లెక్కలో బార్‌కు చిక్కేది 14 శాతమే. ఉప్పు కలిపితే కొంత మెరుగవుతుంది. ఫినాల్ జాతి అణువులనైతే ఎసిటిక్ అన్‌హైడ్రైడ్‌తో శాంపిల్‌లోనే ఎసిటేట్లుగా మార్చి పట్టుకోవచ్చు. పైగా బార్‌ను చిమటాతో తీసి, నీటితో కడిగి, తుడిచి, ట్యూబులో పెట్టాలి. పట్టుకున్న అణువులను వేడితో విడిపించే థర్మల్ డిసార్ప్షన్ యూనిట్ వేరే ఉండాలి. ఒక్కో శాంపిల్‌కు గంట, రెండు గంటలు పడుతుంది. ఫైబర్‌కు ఇవేవీ అక్కర్లేదు. ఉన్న ఇంజెక్టర్‌లోనే 250 డిగ్రీల దగ్గర ఖాళీ అవుతుంది, రాత్రంతా ఆటోశాంప్లర్ చూసుకుంటుంది. రోజూ వచ్చే శాంపిల్స్ ఎక్కువగా ఉన్న ల్యాబ్‌కు ఇది చిన్న సౌలభ్యం కాదు.

ఫైబర్ ఎంచుకున్నవాళ్లు ఎక్కువగా కొనేది మూడు పదార్థాల పూత ఉన్నది, అంటే డీవీబీ (రంధ్రాలున్న పాలిమర్), కార్బాక్సెన్ (రంధ్రాలున్న కార్బన్), పీడీఎంఎస్ కలిసినది. వాసనల మొత్తం చిత్రం కావాలంటే దాన్ని మించింది దొరకడం కష్టం. సంఖ్యలకు మాత్రం జాగ్రత్త. అందులోని రంధ్రాల్లో చోటు పరిమితం. ఎక్కువ మోతాదులో ఉన్న అణువులు తక్కువ ఉన్నవాటిని పక్కకు నెట్టేస్తాయి. ఇథనాల్ ఉన్న పెర్ఫ్యూమ్ దగ్గర ఇది బాగా తెలుస్తుంది. కార్బాక్సెన్ వేడెక్కినప్పుడు మిథేన్‌థయోల్ కొంత డైమిథైల్ డైసల్ఫైడ్‌గా మారుతుంది. అలాంటప్పుడు ఆ పీక్ ఆహారంలోంచి వచ్చిందో, ఫైబర్ మీద పుట్టిందో తేల్చుకోవాలి.

క్రీముల కథ వేరు. నూనె భాగం లినలూల్‌ను వదలదు. నీటిలో గీసిన కాలిబ్రేషన్ గీత అక్కడ పనికిరాదు. బార్‌ను నేరుగా ముంచితే దానికీ నూనె పట్టేస్తుంది. ఐరోపా నిబంధనల్లో సుగంధ అలర్జెన్ల పేరు లేబుల్ మీద రాయాల్సిన హద్దు, ఒంటి మీద ఉండిపోయే వాటికి 0.001 శాతం, కడిగేసే వాటికి 0.01 శాతం. అంటే కిలోకు 10 మిల్లీగ్రాములు, 100 మిల్లీగ్రాములు. ఇంత ఉన్నప్పుడు సున్నితత్వం కోసం తాపత్రయం దేనికి? కొన్ని మిల్లీగ్రాముల క్రీమును వయల్‌లో వేసి, అందులోని వాసన ద్రవ్యాలన్నీ ఆవిరయ్యేలా వేడిచేసి హెడ్‌స్పేస్ (వయల్ పైభాగంలో చేరిన ఆవిరి) తీయడమే నాకు నచ్చిన దారి. నూనె పట్టి ఉంచడానికి దాదాపు ఏమీ మిగలదు.

ఆకులకైతే పరికరం కంటే ముందు కత్తెర గురించి ఆలోచించాలి. ఆకు నలిగిన కొన్ని క్షణాల్లోనే హెక్సినాల్ లాంటి పచ్చి వాసన అణువులు కొత్తగా పుడతాయి. ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి పొడి చేసి, చల్లగానే తూచి, కాస్త ఉప్పునీటితో వయల్ మూసేస్తే కొంత అదుపులో ఉంటుంది. ఆపైన హెడ్‌స్పేస్‌లో ఫైబర్ చాలు. ఆవిరి స్వేదనంలో లినలైల్ ఎసిటేట్ కొంత విరిగి లినలూల్ అయిపోతుంది కాబట్టి, ఆ రెంటి నిష్పత్తి ముఖ్యమైనప్పుడు ఫైబరే నయం.

మిగతావి: ఎంతో తేలిగ్గా ఆవిరయ్యే ద్రావణి అవశేషాలకు మామూలు స్టాటిక్ హెడ్‌స్పేస్, అంటే ఫైబర్ లేకుండా ఆ ఆవిరినే నేరుగా తీయడం సరిపోతుంది. ఎస్‌పీఎంఈ యారో అనే మరో పరికరం పూత పరిమాణంలో ఫైబర్‌కూ బార్‌కూ మధ్యన ఉంటుంది. 31 డిగ్రీల వేడి, 74 బార్ల పీడనం దాటాక పనిచేసే సూపర్‌క్రిటికల్ కార్బన్ డయాక్సైడ్ పెద్ద మోతాదుల పనికే ఎక్కువ నప్పుతుంది.

చేతిలో ఫైబర్ ఒక్కటే ఉండి సంఖ్య చెప్పక తప్పదంటే, పీడీఎంఎస్ ఒక్కటే ఉన్న పూత తీసుకోండి. డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) ఉన్న లినలూల్‌ను ఇంటర్నల్ స్టాండర్డ్‌గా, అంటే పోల్చి చూసే తెలిసిన మోతాదుగా, శాంపిల్‌లోనే కలిపి, బాగా కలిసిపోయేదాకా ఆగి, అప్పుడు ఫైబర్ దించండి.