పెన్‌డ్రైవ్‌తో బూట్ కాని సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్: దుడ్లు ఇచ్చేముందే చూసుకోండి

అనంతపురం, కర్నూలు, కడప ఏ ఊళ్లోనైనా సరే, పిల్లల బీటెక్ చదువుకని సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనేవాళ్లు ఇది చదివినాక షాపుకు పోండి. మన దగ్గర అమ్మేవాటిలో చానా మటుకు బెంగళూరు, హైదరాబాద్ కంపెనీలు వాడి వదిలేసిన డెల్ లాటిట్యూడ్, లెనోవో థింక్‌ప్యాడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్‌లే. మిషన్లు గట్టివే. తంటా అంతా బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందే నడిచి మిషన్‌ను మొదలుపెట్టే లోపలి ప్రోగ్రామ్‌లో ఉంటుంది. ఉద్యోగులు సొంతంగా పెన్‌డ్రైవ్ పెట్టి వేరే విండోస్ ఎక్కించుకోకుండా కంపెనీ ఐటీ వాళ్లు యూఎస్‌బీ బూట్ (పెన్‌డ్రైవ్ నుంచి మిషన్ మొదలవ్వడం) ఆపేసి, దానిమీద అడ్మిన్ పాస్‌వర్డ్ వేసి పెడతారు. ఆ పాస్‌వర్డ్ తీయకుండానే లాట్‌లో అమ్మేస్తే, మిషన్ అట్లే చేతులు మారి మనదాకా వస్తుంది.

షాపులో ఆన్ చేసి చూపిస్తే ఏ లోపమూ కనపడదు. ఎందుకంటే ఎస్ఎస్‌డీ (విండోస్, ఫైళ్లు ఉండే డిస్క్) ఊడదీసి, వేరే మిషన్లో పెట్టి విండోస్ ఎక్కించి, మళ్లీ ఇందులో బిగించి ఉంటారు. కొన్నాళ్లు బాగానే నడుస్తుంది. ఎప్పుడో ఒకరోజు విండోస్ దెబ్బతిని మళ్లీ ఎక్కించాల్సి వస్తుంది చూడండి, అప్పుడు బయటపడుతుంది బండారం. షాపువాళ్లు ఇచ్చిన వారంటీ అప్పటికి ముగిసి ఉంటుంది.

అట్లని పెన్‌డ్రైవ్ ఎక్కని ప్రతిసారీ మోసమేనని గొడవకు దిగొద్దు. చానాసార్లు తప్పు పెన్‌డ్రైవ్‌దే. అందుకే ముందు మన చేతిలోది సరిగ్గా ఉందని తేల్చుకునే షాపు మెట్లెక్కాలి.

పెన్‌డ్రైవ్ కనీసం 8 జీబీ ఉండాలి, 16 అయితే మేలు. విండోస్ లాంటివి డౌన్‌లోడ్ చేస్తే వచ్చే ఐఎస్ఓ ఫైల్‌ను అట్లే కాపీ చేసి పేస్ట్ చేస్తే బూట్ కాదు. ఎక్కువమంది చేసే తప్పు ఇదే. ఐఎస్ఓను బూట్ అయ్యేట్టు పెన్‌డ్రైవ్‌లోకి రాసే రూఫస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో రాయండి. అందులో ఎంచుకోవాల్సినవి: పార్టిషన్ స్కీమ్ జీపీటీ, టార్గెట్ సిస్టమ్ యూఈఎఫ్ఐ (కొత్త రకం బయోస్). బాగా పాత మిషన్, యూఈఎఫ్ఐ లేనిది అయితేనే జీపీటీ బదులు ఎంబీఆర్. కొందరు పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి విండోస్ ఫైళ్లు చేత్తో కాపీ చేస్తారు. ఆ ఫార్మాట్‌లో ఒక్క ఫైల్ 4 జీబీ దాటితే పట్టదు, విండోస్ ఇన్‌స్టాల్ ఫైల్ ఇప్పుడు ఆ హద్దు దాటే వస్తోంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల మీడియా క్రియేషన్ టూల్ వాడితే ఈ తలనొప్పి ఉండదు.

ఇంకొకటి, నకిలీ పెన్‌డ్రైవ్‌లు. మూడు నాలుగు వందలకు 1 టీబీ అని అమ్మేవి అసలు కొనొద్దు. లోపల చిప్ 16 జీబీయో 32 జీబీయో ఉంటుంది, దాన్ని నడిపే లోపలి ప్రోగ్రామ్ (ఫర్మ్‌వేర్) మాత్రం 1 టీబీ అని అబద్ధం చెబుతుంది. నిండేదాకా బాగానే రాస్తుంది, ఆ తర్వాత రాసింది పాడైపోతుంది. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్‌తో నిండా రాయించి, మళ్లీ చదివిస్తే నిజం తేలుతుంది. లినక్స్‌లో అయితే ఎఫ్3 ఉంది. ఆ పరీక్ష నెగ్గిన పెన్‌డ్రైవ్‌ను రూఫస్‌తో రాసి, ఇంట్లోనో స్నేహితుల దగ్గరో ఉన్న వేరే ల్యాప్‌టాప్‌లో ఒకసారి బూట్ చేసి చూడండి. అక్కడ ఎక్కిందంటే షాపులో ఎవరూ 'నీ పెన్‌డ్రైవ్ బాగలేదు' అనలేరు.

షాపు పరీక్షకు విండోస్ కంటే ఉబుంటు (ఉచితంగా దొరికే లినక్స్) పెన్‌డ్రైవ్ మంచిది. 'ట్రై' అని ఎంచుకుంటే డిస్క్‌ను ముట్టుకోకుండానే నడుస్తుంది, కీబోర్డు, వైఫై, కెమెరా, స్పీకర్ అన్నీ అక్కడే చూసుకోవచ్చు. ముందు మిషన్‌ను రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం కాదు, రీస్టార్టే. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ అనేది సగం నిద్ర లాంటిది. లోగో కనపడగానే డెల్, థింక్‌ప్యాడ్‌లకు ఎఫ్12 వరసగా నొక్కండి. హెచ్‌పీకి ఎస్కేప్ నొక్కి, తర్వాత ఎఫ్9. ఏసర్‌లో కూడా ఎఫ్12నే, కానీ దాన్ని ముందు ఎఫ్2తో బయోస్‌లోకి పోయి ఆన్ చేయాలి. పెన్‌డ్రైవ్ హబ్‌లో కాకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టండి, ఒక పోర్టులో కనపడకపోతే ఇంకోదాంట్లో చూడండి.

లిస్టులో పెన్‌డ్రైవ్ పేరు వచ్చి, నొక్కితే బూట్ అయితే సగం పని అయినట్టే. పేరు రాలేదంటే బయోస్ సెటప్‌లోకి పోండి: డెల్‌కు ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10, థింక్‌ప్యాడ్‌కు ఎఫ్1. అసలు సంగతి తేలేది ఇక్కడే. యూఎస్‌బీ బూట్ ఆప్షన్ ఆఫ్‌లో ఉండి, మీరు దాన్ని ఆన్ చేసి సేవ్ చేయగలిగితే మిషన్‌కు ఏ రోగమూ లేదు. పాస్‌వర్డ్ అడిగిందా, లేదా లోపలికి పోనిచ్చి ఆప్షన్లన్నీ బూడిదరంగులో చూపిస్తూ మార్చనివ్వలేదా, అది తాళం వేసిన మిషన్. ఇక బేరం వద్దు.

'సీమాస్ బ్యాటరీ (బయోస్ సెట్టింగులను నిలిపే బోర్డు మీది చిన్న బ్యాటరీ) తీసి పెడితే పాస్‌వర్డ్ పోతుందన్నా' అంటారు. పాత డెస్క్‌టాప్‌లలో పోయేది, నిజమే. ఈ బిజినెస్ ల్యాప్‌టాప్‌లలో పాస్‌వర్డ్ బ్యాటరీ తీసినా చెరిగిపోని చిప్‌లో ఉంటుంది. సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ (బయోస్ అడ్మిన్ పాస్‌వర్డ్‌కు థింక్‌ప్యాడ్‌లో పేరు) మర్చిపోతే సిస్టమ్ బోర్డే మార్చాలని థింక్‌ప్యాడ్ మాన్యువల్‌లోనే లెనోవో రాసింది. చిప్‌ను ప్రోగ్రామర్‌తో మళ్లీ రాసి తాళం తీసేవాళ్లు ఉన్నారు. ఒక్క పొరపాటుకు బోర్డు చస్తుంది. ఆ ముప్పు, ఆ ఖర్చు అమ్మేవాళ్లదే కావాలి, మీది కాదు. తీయించినాకే తీసుకుంటామని చెప్పండి.

'సెక్యూర్ బూట్ ఆపేస్తే సరి' అనేది ఇంకో మాట. సెక్యూర్ బూట్ అంటే నమ్మకమైన సంతకం ఉన్నవాటినే బూట్ కానిచ్చే బయోస్ సెట్టింగు. మైక్రోసాఫ్ట్ టూల్‌తో చేసిన విండోస్ పెన్‌డ్రైవ్‌కు, ఉబుంటుకు సెక్యూర్ బూట్ ఆపాల్సిన పని సాధారణంగా ఉండదు. వెంటాయ్‌కు (ఒకే పెన్‌డ్రైవ్‌లో చాలా ఐఎస్ఓలు పెట్టి బూట్ చేసే ప్రోగ్రామ్) మాత్రం మొదటిసారి నీలం తెరమీద కీ ఎన్‌రోల్ చేయమని అడుగుతుంది. కంగారు పడొద్దు, అది లోపం కాదు. ఇప్పటికే ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్‌లో ఆపేటప్పుడు మాత్రం జాగ్రత్త. డిస్క్‌కు బిట్‌లాకర్ (ఫైళ్లకు విండోస్ వేసే తాళం) ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. కీ దొరక్కపోతే ఫైళ్లు పోయినట్టే. ముందే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఆ కీ ఉందో లేదో చూసుకోండి.

బూట్ అయ్యింది కదా అని వెంటనే దుడ్లు తీయొద్దు. బయోస్‌లో సెక్యూరిటీ కింద అబ్సల్యూట్ లేదా కంప్యూట్రేస్ అనే పేరు చూడండి. యాక్టివేటెడ్ అని ఉంటే పాత కంపెనీ ఇంకా దాన్ని గమనించగలదు, దూరం నుంచి లాక్ కూడా చేయగలదు. తర్వాత కొత్తగా విండోస్ ఎక్కించమని అడగండి, అరగంట పని. సెటప్‌లో వైఫై కలపగానే ఏదో కంపెనీ పేరుతో లాగిన్ పేజీ వచ్చిందంటే అది ఆటోపైలట్‌లో (కంపెనీలు తమ మిషన్లను ఆన్‌లైన్‌లో నమోదు చేసే మైక్రోసాఫ్ట్ ఏర్పాటు) నమోదై ఉన్న మిషన్. డిస్క్ మార్చినా, ఫార్మాట్ చేసినా ఆ నమోదు పోదు. ఇంటర్నెట్ లేకుండా సెటప్ చేసి చూపిస్తే ఇది బయటపడదు, అందుకే మీ ఫోన్ హాట్‌స్పాట్ కలపండి.

డెల్ అయితే అడుగున స్టిక్కర్ మీది సర్వీస్ ట్యాగ్ (డెల్ సీరియల్ నంబర్), బయోస్‌లో కనపడే ట్యాగ్ ఒకటేనా అని సరిచూడండి. వేరుగా ఉంటే బోర్డో, కింది మూతో మార్చారు. అదే తప్పు కాదుగానీ ధర మాట్లాడటానికి పనికొస్తుంది. ఇంటెల్ 6, 7 జనరేషన్ మిషన్‌లో విండోస్ 11 చూపించి ఎక్కువ అడిగితే ఒప్పుకోవద్దు. మైక్రోసాఫ్ట్ లెక్క మామూలుగా 8వ జనరేషన్ నుంచి మొదలవుతుంది. విండోస్ 10కు ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది.

బిల్లు మీద మోడల్, సీరియల్ నంబర్, 'బయోస్ పాస్‌వర్డ్ లేదు' అన్న ముక్క రాయించుకోండి. తెల్ల చీటీ మీద ఎస్టిమేట్ ఇస్తే తీసుకోవద్దు.

ఇప్పటికే కొని ఇరుక్కున్నవాళ్లు తోచిన పాస్‌వర్డ్‌లు కొట్టి చూడటం మానేయండి. ఆ స్క్రీన్‌ను, బిల్లును ఫోటో తీసి, అమ్మినవాళ్లకు వాట్సాప్‌లో రాతపూర్వకంగా పంపండి. వాళ్లు పట్టించుకోకపోతే 1915కు ఫోన్ చేసి నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి. అదీ పనిచేయకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు లేదు.