నీరు పొదలెక్కినప్పుడు క్రాపీకి 10 అడుగుల జిగ్ పోల్: కొన్ని సీజన్లు వాడాక

డాలస్ దగ్గరి లూయిస్‌విల్ లేక్ మామూలు మట్టం సముద్రమట్టానికి 522 అడుగులు. వసంతంలో వానలు పడి 525, 526కి చేరిందంటే ఒడ్డున ఉన్న విల్లో చెట్ల మొదళ్ళు, బటన్‌బుష్ పొదలు నీళ్ళలో ఉంటాయి. నీటి ఉష్ణోగ్రత 60 నుంచి 68 ఫారెన్‌హీట్ మధ్య ఉంటే గుడ్లు పెట్టడానికి వచ్చే క్రాపీ అనే మంచినీటి చేప ఆ పొదల్లోకే దూరుతుంది. అలాంటి చోట మామూలు రాడ్‌తో విసిరే గాలం చేప కంటే ముందు కొమ్మకు తగులుతుంది. విసరడం మానేసి పైనుంచి నిలువుగా దించడమే దారి. అందుకు నేను వాడుతున్నది రెండు ముక్కల గ్రాఫైట్ జిగ్ పోల్, అంటే జిగ్‌ను (తల దగ్గర బరువున్న గాలపు ఎరను) దించే పొడవాటి కర్ర; పొడవు 10 అడుగులు. లూయిస్‌విల్‌లోనూ, దానికి ఎగువనున్న రే రాబర్ట్స్ లేక్‌లోనూ దీన్నే వాడాను. ఈ పనికి ఇంతకంటే మంచి పరికరం నాకు కనపడలేదు.

రీలు గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. దారం చుట్టి పెట్టుకోవడానికి తప్ప దానికి పని లేదు. అసలు శ్రద్ధ దారం మీద, గాలం మీద ఉండాలి. 10 పౌండ్ల బలమున్న మోనో (ఒంటి పోగు నైలాన్) దారం, 1/16 ఔన్స్ జిగ్, సన్న తీగతో చేసిన 4వ నంబరు గాలం నాకు కుదిరిన జత. గాలం కొమ్మకు పట్టుకున్నప్పుడు నెమ్మదిగా లాగితే, దారం తెగేలోపే ఆ సన్న తీగ వంగి విడిపోతుంది. మళ్ళీ ప్లయర్స్‌తో వంచుకుంటే సరి. లావు తీగ గాలం కడితే పొదకో జిగ్ సమర్పించుకోవాలి.

ముడి సంగతి చాలామంది పట్టించుకోరు. జిగ్ నీళ్ళలో అడ్డంగా, ఈదే చిన్న చేపలా వేలాడాలి. చేప పడిన ప్రతిసారీ, కొమ్మ నుంచి లాగిన ప్రతిసారీ ముడి జిగ్ కంటిలో (దారం కట్టే రంధ్రంలో) ముందుకు జారుతుంది, దాంతో జిగ్ తోక కిందికి వాలి నిలువుగా వేలాడుతుంది. నీళ్ళలో దించేముందు దాన్ని వేలితో పైకి జరపాలి.

పొదలోకి దించే పద్ధతి ఇది. జిగ్‌ను పోల్ కొసకు జానెడు దూరం దాకా చుట్టి, కొసను కొమ్మల సందులోంచి లోపలికి చాపాలి. సందు మీదికి చేరాక దారం వదలాలి. ముందు ఒక అడుగు లోతు, తర్వాత రెండు, మూడు. క్రాపీ పైకి చూసి తింటుంది కాబట్టి చేపకు కిందుగా పోయిన ఎర వృథా. ఒక్కోసారి టక్కుమని తగలదు, దారం వదులవుతుంది అంతే. అంటే చేప ఎర నోట్లో పెట్టుకుని పైకి వచ్చిందన్నమాట. అప్పుడు గుంజకూడదు, పోల్‌ను నిలువుగా ఎత్తాలి. దాని పెదవి కాగితమంత పలచన, గుంజితే చిరుగుతుంది. లోపలికి వెళ్ళిన సందులోంచే పైకి తీయాలి.

నీరు పెరుగుతుంటే చేప ఇంకా లోపలికి, ఒడ్డు వైపుకి జరుగుతుంది. రెండడుగుల లోతులో కూడా దొరుకుతుంది. తగ్గడం మొదలైందంటే పొదల బయటి అంచుకి వచ్చేస్తుంది. నిన్న దొరికిన చోటే ఇవాళ కూర్చుంటే ఖాళీ చేతులే. నీరు బురదగా ఉంటే నలుపు, షార్ట్రూస్ (మెరిసే పసుపుపచ్చ) రంగులు కలిసిన జిగ్ వాడండి. పొద మొదలుకు ఆనించి దించండి, చాలాసేపు కదపకుండా ఉంచండి.

లోపాలూ ఉన్నాయి. దారం బయటి రింగుల్లోంచి పోయే పోల్ కావడంతో ఆకులు, పుల్లలు రింగుల్లో ఇరుక్కుంటాయి. పొదల్లోనే ఎక్కువగా తిరిగేవాళ్ళు దారం లోపలినుంచి పోయే రకం చూసుకోవాలి. రెండు ముక్కల అతుకు మధ్యమధ్యలో వదులవుతుంది, చేయి తగిలినప్పుడల్లా బిగించాలి. ఇరుక్కున్న జిగ్‌ను కొసతో పొడిచి విడిపించడం అందరికీ అలవాటు. మెల్లగా నెడితే పనిచేస్తుంది, పక్కకి మెలితిప్పితే మాత్రం కొస విరుగుతుంది. గాలి గట్టిగా వీస్తే అంత పొడవు దారం ఊగి, జిగ్ చెప్పిన చోట పడదు. 12 అడుగుల పోల్ ముందువైపు బరువుగా ఉండి మణికట్టు లాగేస్తుంది. 8 అడుగులది బురద నీటిలో సరిపోతుంది కానీ నీరు తేరుకుంటే చేప బెదురుతుంది.

గ్రాఫైట్‌లో కరెంటు పారుతుంది. ఉరుము వినపడగానే పోల్ పడుకోబెట్టండి, కరెంటు తీగల కింద ఎత్తకండి. మునిగిన కొమ్మల మీద కాటన్‌మౌత్ అనే విషపు నీటి పాములుంటాయి. నిప్పుచీమలు గుంపుగా అల్లుకుని నీటిమీద తేలుతూ వస్తాయి, పడవ వాటికి తాకనివ్వకండి. లూయిస్‌విల్ మట్టం 532 అడుగులు దాటితే నీరు స్పిల్‌వే (ఆనకట్ట పొర్లుకట్టు) మీదుగా పొర్లుతుంది, 2015లో అదే జరిగింది. అంత నీటిలో పోల్ ఇంట్లోనే ఉంచండి.

టెక్సస్‌లో చాలా లేకుల్లో 10 అంగుళాల లోపు క్రాపీని వదిలేయాలి, రోజుకు మనిషికి 25 దాటకూడదు. అందుకని పోల్ పిడి మీద 10 అంగుళాల గుర్తు గీసుకున్నాను, పడవలో స్కేలు వెతికే పని ఉండదు.