సిగ్నల్‌కి వంక లేదు, ఫ్యాక్టరీ సెట్టింగులతోనే పేచీ

ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. రౌటర్ పెట్టడం నాకు తెలిసిన విద్య కాదు. "నాన్నా, ఈసారి వచ్చినప్పుడు నేను పెడతాను, మీరు ముట్టుకోకండి" అని మా అబ్బాయి ఫోన్‌లో అన్నాడు. ఆ మాట విన్న అరగంటకే పెట్టె విప్పేశాను. మూడు నెలలు వాడాక రాస్తున్నాను.

సిగ్నల్ సంగతి ముందే చెప్పేస్తాను, అందులో పెద్దగా చెప్పేదేమీ లేదు. 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్ల మీద నడిచే వైఫై 6 రౌటర్ ఇది. ముందు ఇనుప బీరువా వెనక పెడితే చివరి గదికి 5 గిగాహెర్ట్జ్ అందలేదు. గోడకు కాస్త ఎత్తులో పెట్టగానే అందింది. ఇనుము వెనక దాక్కుంటే ఏ రౌటరైనా అంతే కాబట్టి ఆ తప్పు నాదే. 2.4 గిగాహెర్ట్జ్‌లో చుట్టుపక్కల వాళ్ళందరూ 6వ ఛానెల్ మీదే ఉన్నారని నాది 1కి మార్చాను. 1, 6, 11, ఈ మూడూ ఒకదాని మీద ఒకటి పడవు.

అసలు కథంతా సెటప్ దగ్గరే. కంపెనీ యాప్‌తో అయిదు నిమిషాల్లో పని అయిపోతుందని పెట్టె మీద రాశారు. నాకు అయిదు నిమిషాలు కాదు కదా, గంటకు కూడా నెట్ రాలేదు. "కేబుల్ సరిచూడండి" అని యాప్ నాలుగుసార్లు చెప్పింది, నాలుగుసార్లూ ఊడదీసి పెట్టాను. చివరికి తేలిందేమిటంటే, నెట్ కనెక్షన్ వాళ్ళు ముందే బిగించిన పెట్టె చిరునామా 192.168.1.1, ఈ రౌటర్ చిరునామా కూడా అదే. ఒకే డోర్ నంబరుతో రెండిళ్ళుంటే పోస్ట్‌మాన్ ఏం చేస్తాడు? ఈ ముక్క యాప్ చెప్పి ఉండాల్సింది.

యాప్‌ని పక్కన పెట్టి, లాప్‌టాప్‌ని కేబుల్‌తో రౌటర్‌కి కలిపి, బ్రౌజర్‌లో దాని పేజీ తెరిచాను. లాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) సెట్టింగుల్లో చిరునామాని 192.168.50.1 చేసి సేవ్ నొక్కాను. పేజీ తెల్లబోయింది, నేనూ తెల్లబోయాను. కొత్త వస్తువుని మొదటిరోజే పాడుచేశానని టెన్షన్. ఇల్లు మార్చి పాత ఇంటి తలుపు తడుతున్నానని అర్థమవడానికి పది నిమిషాలు పట్టింది. కొత్త అంకెలు కొడితే పేజీ వచ్చింది, వెనకాలే నెట్టూ వచ్చింది.

ఇక్కడినుంచి నా అసలు ఫిర్యాదు. యాప్ మూడే ప్రశ్నలు అడిగింది: వైఫై పేరేమిటి, పాస్‌వర్డేమిటి, ఆ పాస్‌వర్డే అడ్మిన్‌కీ వాడాలా? మూడోదానికి వాళ్ళే టిక్ పెట్టి ఉంచారు! వైఫై పాస్‌వర్డ్ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతాం. అడ్మిన్ పాస్‌వర్డ్ ఉన్నవాళ్ళు మొత్తం రౌటర్‌నే తమ ఇష్టానికి మార్చుకోవచ్చు. రెండూ ఒకటే పెట్టడమంటే, వచ్చిన చుట్టానికి కుర్చీ వేసి చేతిలో బీరువా తాళాలు పెట్టడమే. టిక్ తీసేసి అడ్మిన్‌కి వేరే పాస్‌వర్డ్ పెట్టి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఒక మెచ్చుకోలు కూడా ఉంది. ఫ్యాక్టరీ నుంచి ఇది "అడ్మిన్, అడ్మిన్" అంటూ రాలేదు, స్టిక్కర్ మీద దీనికంటూ విడి పాస్‌వర్డ్ ఉంది. 2016లో మిరాయ్ అనే దొంగ ప్రోగ్రామ్ అన్నన్ని కెమెరాలనీ రౌటర్లనీ పట్టుకున్నది గొప్ప తెలివితో కాదు, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు ఎవరూ మార్చకపోవడం వల్ల.

వైఫై పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో కలిపే డబ్ల్యూపీఎస్ కూడా ఆన్‌లోనే వచ్చింది. ఇది నా సబ్జెక్టు కాబట్టి కాస్త ఆగుతాను. స్టిక్కర్ మీద 8 అంకెల పిన్ ఉంటుంది. చివరి అంకె మిగతా ఏడింటినీ సరిచూసే అంకె, కాబట్టి కనుక్కోవలసినవి ఏడే. అంటే కోటి రకాలు, బాగానే ఉంది. కానీ మొదటి నాలుగు అంకెలు సరైనవో కావో రౌటర్ విడిగా చెప్పేస్తుంది. నాలుగంకెలకు 10,000, మిగిలిన మూడింటికి 1,000. రెండూ కూడాలి, గుణించకూడదు. వెరసి 11,000 ప్రయత్నాలు. కోటి ఎక్కడ, పదకొండు వేలెక్కడ! ఈ లోపం 2011లోనే బయటపడింది. తర్వాత వచ్చిన రౌటర్లు కొన్ని తప్పులు కొట్టగానే కాసేపు తలుపు మూస్తున్నాయంటారు, అయినా అసలు ఆన్‌లో ఎందుకుండాలి? ఆపేశాను. ఆ స్విచ్ యాప్‌లో లేదు, బ్రౌజర్ పేజీలోనే "అడ్వాన్స్‌డ్" కింద మూడో మెట్టులో ఉంది.

యూపీఎన్‌పీ కూడా అంతే. అది ఆన్‌లో ఉంటే ఇంట్లో ఏ యంత్రమైనా నన్నడక్కుండా బయటికి తలుపు తీయించుకోగలదు. ఆపాను, మా ఇంట్లో ఏదీ ఆగిపోలేదు. ఆన్‌లైన్ గేములు ఆడే పిల్లలుంటే మీకు అవసరం పడొచ్చు. బయటినుంచి రౌటర్‌ని నడిపే రిమోట్ మేనేజ్‌మెంట్ మాత్రం ముందే ఆఫ్‌లో ఉంది, సంతోషం. ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) ఆటో అప్‌డేట్ కూడా ఆఫే, అది ఆన్ చేసుకోవాలి.

వైఫైకి వేసే తాళాల్లో కొత్తరకమైన డబ్ల్యూపీఏ3 దగ్గర నా అతితెలివి బయటపడింది. 2018లో వచ్చింది కదా, 2004 నాటి డబ్ల్యూపీఏ2 ఎందుకని కొత్తదొక్కటే పెట్టాను. ఫోన్లు కలిశాయి, పాత ప్రింటర్ అలిగింది. రెండూ కలిపిన మోడ్ పెట్టినా దిగిరాలేదు. సరే అని గెస్ట్ నెట్‌వర్క్‌కి డబ్ల్యూపీఏ2 ఇచ్చి ప్రింటర్‌ని అందులోకి తోశాను. అది కలిసింది, కానీ లాప్‌టాప్‌కి కనపడడం మానేసింది. గెస్ట్‌లో ఉన్నవాళ్ళకి ఇంట్లోవాళ్ళు కనపడకూడదనే కదా దాన్ని పెట్టింది! మా ఆవిడకి కావలసింది రెండు పేజీలు. "ఇంతకీ ప్రింటు వస్తుందా రాదా, అది చెప్పండి" అంది. ప్రింటర్‌కి లాన్ కేబుల్ గుచ్చాను, వచ్చింది. గెస్ట్ నెట్‌వర్క్‌లో ఇప్పుడు టీవీ, వచ్చేపోయే వాళ్ళ ఫోన్లు ఉంటున్నాయి.

వైఫై పేరు దాచేయమని మా అబ్బాయి సలహా. దాచలేదు. దాస్తే నా ఫోనే వెళ్ళిన చోటల్లా ఆ పేరు పిలుచుకుంటూ తిరుగుతుందట.

నాలుగు నక్షత్రాలు. తగ్గించిన ఒకటీ ఆ టిక్‌కి, డబ్ల్యూపీఎస్‌కి చెరి సగం. నెట్ మాత్రం మూడు నెలల్లో రెండేసార్లు ఆగింది, రెండుసార్లూ కరెంటు పోయినప్పుడే. రాత్రిళ్ళు కళ్ళలో పొడిచే నీలం లైటు మీద ఇన్నాళ్ళూ గుడ్డముక్క కప్పాను. దాన్ని ఆర్పే బటన్ యాప్‌లో ఉందని నిన్న మనవరాలు చూపించింది.