క్యారెక్టర్ డిజైనా, ఇలస్ట్రేషనా, గేమ్ కాన్సెప్టా: పోర్ట్‌ఫోలియోలో ముందు ఏది?

గేముల్లో బొమ్మలు వేసే ఉద్యోగం కావాలనుకునే కుర్రాళ్ల, అమ్మాయిల పోర్ట్‌ఫోలియోలు, అంటే పని ఇచ్చేవాళ్లకి చూపించే బొమ్మల కట్టలు, తిరగేస్తే చాలావాటిలో ఒకే వరస కనిపిస్తుంది. మొదట నాలుగైదు క్యారెక్టర్లు, ఆ తర్వాత ఓపిగ్గా రంగులద్దిన రెండు మూడు పెద్ద బొమ్మలు, చివర్లో "నా గేమ్ ఐడియా" అంటూ పేజీలకు పేజీల కథ. మూడూ ఉంటాయి, ఏదీ పూర్తిగా ఉండదు. ఉన్న టైమంతా మూడింటికీ పంచేసరికి ఇలా అవుతుంది. అందుకే ముందు దేని మీద కూర్చోవాలో తేల్చుకోవడం మంచిది. మూడూ గీతల పనే, కానీ వాటిని చూసి పని ఇచ్చేవాళ్లు వేరు వేరు మనుషులు.

తేడా తెలియాలంటే మూడింటిలోనూ ఒకే మనిషిని పెట్టి చూడాలి. బోనాల పోతరాజుని తీసుకుందాం. ఒంటి నిండా పసుపు, నుదుట కుంకుమ, కాళ్లకు గజ్జెలు, నడుముకు వేపమండలు, చేతిలో కొరడా. హైదరాబాద్‌లో పెరిగి బొమ్మలు వేసేవాళ్లలో ఈయన్ని ఒక్కసారైనా వెయ్యనివాళ్లు తక్కువే ఉంటారు.

ఇలస్ట్రేషన్‌లో పోతరాజు ఒక్క క్షణంలో బతుకుతాడు. లాల్‌దర్వాజా సందు, సీరియల్ లైట్ల రంగులు, గాల్లోకి లేచిన కొరడా, పక్కకి ఒరిగిపోతున్న జనం. చూసేవాడి కన్ను ఎక్కడ మొదలై ఎక్కడికి పోవాలో ఆర్టిస్టు నిర్ణయిస్తాడు. వెలుగు, కంపోజిషన్, ముఖంలో భావం, ఇవన్నీ నేర్పేది ఇదే. చూడగానే ఆకట్టుకునేదీ, ఇన్‌స్టాగ్రామ్‌లో లైకులు తెచ్చేదీ ఇదే. అయితే ఇందులో తప్పించుకునే దారులు చాలా ఉన్నాయి. పాదాలు వెయ్యడం రాకపోతే జనం మధ్యలో దాచేయొచ్చు. చేతివేళ్లు కుదరకపోతే పొగ పెట్టేయొచ్చు. వీపు ఎలా ఉంటుందో అసలు ఆలోచించనక్కర్లేదు. బొమ్మ అద్భుతంగా వచ్చినా, ఆర్టిస్టుకి ఆ మనిషి పూర్తిగా తెలుసని దాన్ని బట్టి చెప్పలేం.

క్యారెక్టర్ షీట్‌లో ఆ వెసులుబాటు లేదు. ముందు నుంచి, పక్క నుంచి, ముప్పావు వంతు తిరిగి, వెనక నుంచి, అన్ని వైపులా అదే మనిషి అదే కొలతల్లో నిలబడాలి. వేపమండలు దేనికి కట్టారు, పంచె ముడికా, విడిగా తాడుకా? కొరడా వాడనప్పుడు ఎక్కడ ఉంటుంది? నడిచినప్పుడు ఆకులు విడివిడిగా ఊగాలా, ఒక్క ముద్దగా కదిలితే చాలా? విడివిడిగా ఊగాలంటే కంప్యూటర్ మీద బరువు పడుతుంది. చవక ఫోన్లో ఆడే గేమ్ అయితే ఆకుల సంఖ్య అక్కడే తగ్గించుకోవాలి. ఆ షీట్ చూసి 3డి మోడల్ చేసే మనిషి ఒకరు, ఆ మోడల్‌కి లోపల ఎముకల చట్రం అమర్చే రిగ్గర్ ఇంకొకరు, దాన్ని కదిలించే యానిమేటర్ మరొకరు. ఈ ముగ్గురూ బొమ్మ వేసిన మనిషిని నిద్ర లేపి అడగకుండా పని చేసుకోగలిగితే అది మంచి షీట్.

ఇక్కడ చాలామంది మర్చిపోయేది వీపు. థర్డ్ పర్సన్ గేముల్లో కెమెరా మన హీరో వెనకే ఉంటుంది. ఆడేవాడు గంటల తరబడి చూసేది అతని వీపునే, ముఖం కనబడేది మధ్యలో వచ్చే కథ సీన్లలో మాత్రమే. అలాంటప్పుడు ముందు వైపు నగలన్నీ చెక్కి, వెనక ఖాళీగా వదిలేసిన షీట్ ఎవరికి పనికొస్తుంది? పై నుంచి చూసే గేమ్ అయితే తల, భుజాలే మొత్తం క్యారెక్టర్. కాబట్టి ఏ కెమెరా కోసం గీస్తున్నారో షీట్ మూల ఒక్క ముక్క రాసి పెడితే, ఈ పిల్లకి గేమ్ అంటే ఏంటో తెలుసని చూసేవాళ్లకి అర్థమవుతుంది.

ఇబ్బందుల్లోంచి డిజైన్ ఎలా పుడుతుందో చెప్పడానికి మారియో కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. 1981లో డాంకీ కాంగ్ గేమ్ కోసం షిగెరు మియమోతో ఆ బొమ్మ వేసేటప్పుడు చేతిలో ఉన్నవి కొద్ది పిక్సెళ్లే. నోరు వెయ్యడానికి చోటు లేదు, అందుకని పెద్ద ముక్కు, దాని కింద మీసం. జుట్టు ఎగరడం చూపించడం కష్టం, అందుకని టోపీ. చేతులు ఊగడం కనబడాలి, అందుకని చొక్కాకి వేరే రంగు వచ్చేలా ఓవరాల్స్. లోకమంతా గుర్తుపట్టే ముఖం అలా తయారైంది. మన పోతరాజుని కూడా బొటనవేలి గోరంత సైజుకి కుదించి చూడండి. కుంకుమ బొట్టు పోతుంది, గజ్జెలు పోతాయి. పసుపు ఒళ్లు, కొరడా వంపు మిగులుతాయి. ఆ రెండిటితో మనిషిని గుర్తుపట్టగలిగితే డిజైన్ నిలబడినట్టే.

దీన్నే సిల్యుయెట్ పరీక్ష అంటారు. బొమ్మ మొత్తాన్ని నల్లగా నింపేసి, ఎవరో చెప్పగలమా అని చూడటం. వాల్వ్ కంపెనీ 2007లో టీమ్ ఫోర్ట్రెస్ 2 తెచ్చినప్పుడు అందులోని తొమ్మిది రకాల ఆటగాళ్లనీ దూరం నుంచి ఆకారం బట్టే పోల్చుకునేలా కావాలని గీయించింది. ఎదురుగా వచ్చేది ఎవరో క్షణంలో తెలియకపోతే ఆటలో ప్రాణం పోతుంది కదా. తోలుబొమ్మలాట చూసినవాళ్లకి ఇది కొత్త పాఠమేం కాదు. తెర ఎక్కిన మరుక్షణం బంగారక్క, జుట్టుపోలిగాడు ఎవరో ఆఖరి వరసలో కూర్చున్న పిల్లాడికి కూడా తెలిసిపోతుంది. రెఫరెన్స్ కోసం జపాన్ యానిమే మాత్రమే తిరగేసేవాళ్లు ఒకసారి నిమ్మలకుంట బొమ్మలు కూడా చూస్తే మంచిది. ఒంటి కొలతల్ని ఎంత ధైర్యంగా సాగదీశారో, కీళ్లు ఎక్కడ పెట్టారో గమనిస్తే టూడీ గేమ్ యానిమేషన్‌కి నేరుగా పనికొచ్చే సంగతులు దొరుకుతాయి.

నన్నడిగితే స్టూడియో ఉద్యోగం కావాలనుకునేవాళ్లకి క్యారెక్టర్ డిజైనే ముందు. పది అక్కర్లేదు. ముగ్గురు క్యారెక్టర్లు చాలు. కానీ ముగ్గురూ ఒకే లోకంలోంచి వచ్చినట్టుండాలి, ఒకరిలా ఇంకొకరు ఉండకూడదు. పోతరాజు, రంగం చెప్పే జోగిని, డప్పు కొట్టే కుర్రాడు. ఒక్కొక్కరికీ తుది షీట్‌తో పాటు అంతకుముందు వేసి పక్కన పడేసిన చిన్న స్కెచ్‌లు కూడా ఒక పేజీ పెట్టాలి. ఈ ఆకారం ఎందుకు వద్దనుకున్నారో అక్కడ కనబడుతుంది. పని ఇచ్చేవాడు రేపు మీతో కూర్చుని "ఇది మార్చు, అది మార్చు" అనాల్సినవాడు. మార్చగల చెయ్యా కాదా అని చూసుకునేది ఆ పేజీలోనే.

అంతమాత్రాన ఇలస్ట్రేషన్ వెనక బెంచీ అనుకోవద్దు. అది వేరే బజారు, అంతే. కార్డ్ గేముల బతుకంతా ఇలస్ట్రేషన్ మీదే. 1993లో వచ్చిన మ్యాజిక్: ద గ్యాదరింగ్‌లో ప్రతి కార్డు మీదా ఒక బొమ్మ, దాని కింద వేసినవాళ్ల పేరు. గేమ్ మొదలయ్యే ముందు వచ్చే స్ప్లాష్ ఆర్ట్, స్టోర్‌లో కనబడే కవర్ బొమ్మ కూడా ఇలస్ట్రేటర్ల పనే. గేములు దాటి చూస్తే తెలుగులో ఈ దారి ఇంకా పాతది. 1947లో మొదలైన చందమామలో శంకర్, చిత్ర, వపా వేసిన బొమ్మలు చూస్తూ రెండు మూడు తరాలు పెరిగాయి. వారపత్రికల్లో కథ చదవకముందే పేజీ దగ్గర ఆపేసేవి బాపు బొమ్మలు. ఆ పత్రికలు ఇప్పుడు లేవు, లేదా చిక్కిపోయాయి. పిల్లల పుస్తకాలు మాత్రం ఉన్నాయి. 'మంచి పుస్తకం' ప్రచురణ సంస్థ వాళ్లు తానాతో కలిసి పిల్లల బొమ్మల కథలకి పోటీలు పెట్టారు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల పుస్తకాలు ఉచితంగా చదవొచ్చు. ఏ వయసు పిల్లలకి ఎలాంటి బొమ్మలు వేస్తున్నారో అక్కడ ఒక పూట కూర్చుంటే తెలుస్తుంది. కథ చెప్పడం ఇష్టం, ఒకే మనిషిని నాలుగు వైపుల నుంచి గీయడం విసుగు అనిపించేవాళ్లు స్టూడియో కోసం షీట్లు వేసుకుంటూ కూర్చోవడం కంటే ఒక కథకి పన్నెండు పేజీల బొమ్మలు వేసి పంపడం నయం. ఒకే పాప పన్నెండు పేజీల్లోనూ ఒకేలా ఉంటే చాలు, అది సగం క్యారెక్టర్ డిజైన్ కూడా అయిపోయినట్టే.

ఇక గేమ్ కాన్సెప్ట్. ఉత్సాహం అన్నిటికంటే ఎక్కువ ఉండేదీ, ఫలితం అన్నిటికంటే తక్కువ వచ్చేదీ ఇదే. కొత్తవాళ్లు రాసే కాన్సెప్ట్‌లలో ఎక్కువ భాగం రాజ్యాల పేర్లు, వంశవృక్షాలు, వెయ్యేళ్ల యుద్ధాలు. ఆడేవాడు ఏ బటన్ నొక్కుతాడు, నొక్కితే ఏం జరుగుతుంది, ఎందుకు మళ్లీ నొక్కాలనిపిస్తుంది అన్నది ఎక్కడా ఉండదు. పోతరాజు గేమ్‌కి పనికొచ్చే కాన్సెప్ట్ ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: తీన్‌మార్ దెబ్బ పడినప్పుడే కొరడా విసిరితే దెబ్బ గట్టిగా తగులుతుంది, తాళం తప్పితే చేతిలోంచి జారుతుంది. ఇది ఆట. ఆయన ఏ అమ్మవారికి ఎలా తమ్ముడయ్యాడన్నది తర్వాత చూసుకోవచ్చు.

ఇంకో నిజం కూడా ఉంది. స్టూడియోలు కొత్తవాళ్ల దగ్గర ఐడియాలు కొనవు. వాళ్ల దగ్గర ఐడియాలకి కొరత లేదు, వాటిని పూర్తి చేసే చేతులకే కొరత. పోకెమాన్ ప్రతిపాదన 1990 నాటిది, గేమ్ బయటికొచ్చింది 1996లో. ఆ ప్రతిపాదన పెట్టిన సతోషి తజిరికి అప్పటికే గేములు చేసే సొంత జట్టు ఉంది. పుణెలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ వాళ్లు మన పురాణాల వాసనతో చేసిన 'రాజీ' అనే గేమ్ 2020లో వచ్చింది. దాని వెనక కూడా కాగితాలతో ఆగకుండా ఆడించి చూపించిన చిన్న జట్టే ఉంది. "నా ఐడియా ఎవరైనా కొట్టేస్తారేమో" అని దాచుకునేవాళ్లకి ఒక మాట. మన దేశంలో కాపీరైట్ ఐడియాకి రాదు, దాన్ని వ్యక్తం చేసిన రూపానికే వస్తుంది. ఆర్.జి. ఆనంద్ కేసులో 1978లోనే సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. అంటే మీ పోతరాజు బొమ్మకి రక్షణ ఉంది, "పోతరాజు మీద గేమ్" అన్న ఆలోచనకి లేదు. దాచి ఉపయోగం లేదు, గీసి చూపిస్తేనే ఉంది.

అలాగని ఆర్టిస్టు గేమ్ కాన్సెప్ట్ జోలికే పోకూడదని కాదు. రాత మానేసి ఒక్క మాకప్ స్క్రీన్ వెయ్యండి. అంటే గేమ్ నిజంగా నడుస్తున్నట్టు ఒక ఉత్తుత్తి స్క్రీన్‌షాట్. సందులో పోతరాజు వెనక నుంచి కనబడుతుంటాడు, ఎదురుగా ఇద్దరు శత్రువులు, పైన ప్రాణం చూపించే గీత, కింద తాళం పడే చోట వెలిగే చుక్కలు. ఈ ఒక్క బొమ్మకి క్యారెక్టర్ డిజైన్ కావాలి, ఇలస్ట్రేషన్‌లోని వెలుగు నీడలు కావాలి, ఆట ఎలా ఆడతారో తెలిసుండాలి. పది పేజీల కథ ఎవరూ చదవరు. ఈ బొమ్మని మూడు సెకన్లు చూసినా విషయం ఎక్కుతుంది. పోర్ట్‌ఫోలియోలో నాలుగో స్థానం దీనికి ఇస్తాను, ముగ్గురు క్యారెక్టర్ల తర్వాత.

ఏఐ బొమ్మలు వచ్చాక ఈ లెక్క ఇంకాస్త క్యారెక్టర్ షీట్ల వైపే మొగ్గింది. 2022 డిసెంబర్‌లో, ఆర్టిస్టులు తమ పోర్ట్‌ఫోలియోలు పెట్టుకునే ఆర్ట్‌స్టేషన్ వెబ్‌సైట్‌లో, వాళ్లే ఏఐ బొమ్మలకి వ్యతిరేకంగా పెద్ద ఎత్తున నిరసన తెలిపారు. 2024 జనవరి నుంచి కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో గేమ్ పెట్టేవాళ్లు ఏఐ వాడకం గురించి చెప్పాలన్న నియమం వచ్చింది. ఒక్క మెరిసే బొమ్మ మాత్రమే పెడితే, ఇది ఎవరి చెయ్యి అన్న అనుమానం ఇప్పుడు సహజంగానే వస్తుంది. ముందు వెనక కొలతలు కలిసే షీట్, దాని వెనక వేసి పక్కన పడేసిన స్కెచ్‌లు ఉంటే ఆ అనుమానానికి చాలావరకు తావుండదు. ఇలస్ట్రేషన్లు పెట్టేవాళ్లు కూడా రఫ్ నుంచి ఫైనల్ దాకా మూడు నాలుగు దశలు పక్కనే పెట్టడం మేలు.

సాధనాల గురించి టెన్షన్ అక్కర్లేదు. బొమ్మలు వేసే క్రిత, 3డి పనికి బ్లెండర్, గేమ్ తయారుచేసే గోడో, ఈ మూడు సాఫ్ట్‌వేర్లూ ఉచితం. ఐప్యాడ్ లేకపోవడం వల్ల ఆగిపోయిన పోర్ట్‌ఫోలియో ఉండదు, స్క్రీన్ లేని మామూలు పెన్ టాబ్లెట్ చాలు.

చూపించే చోటు విషయానికొస్తే, ఇండియా గేమ్ డెవలపర్ కాన్ఫరెన్స్ 2023లో, 2024లో హైదరాబాద్‌లోనే జరిగింది. ఛోటా భీమ్ చేసే గ్రీన్ గోల్డ్ యానిమేషన్ ఉన్నదీ ఇక్కడే. యానిమేషన్ స్టూడియోకి పంపేటప్పుడు షీట్‌లో ముఖకవళికల వరస ఒకటి ఎక్కువ పెట్టాలి. సంతోషం, కోపం, భయం, ఏడుపు. గేమ్ స్టూడియోకి అయితే దాని బదులు ఆయుధాలు, సామాన్ల వివరాలు.

సొంత గేమే కావాలి, ఉద్యోగం తర్వాత సంగతి అనేవాళ్లు పైన చెప్పిన వరసని తిరగేసుకోవచ్చు. వాళ్లకి డాక్యుమెంట్ కంటే గేమ్ జామ్ మేలు, అంటే రెండు మూడు రోజుల్లో ఒక చిన్న గేమ్ చేసి చూపించే పోటీ లాంటిది. ప్రతి జనవరిలో గ్లోబల్ గేమ్ జామ్ ఉంటుంది. 2002లో మొదలైన లూడుమ్ డేర్ జామ్‌లో ఒంటరిగా పోటీ పడితే 48 గంటల్లో, జట్టుగా అయితే 72 గంటల్లో గేమ్ చెయ్యాలి. హాలో నైట్‌కి మూలం 2013లో ఆ జామ్ కోసం చేసిన ఒక బుల్లి గేమే, పెద్ద గేమ్ 2017లో వచ్చింది. కోడింగ్ రాకపోయినా పర్వాలేదు, బొమ్మలు వేసేవాళ్ల కోసం వెతుక్కునే ప్రోగ్రామర్లు ఇలాంటి చోట ఎప్పుడూ ఉంటారు. పోతరాజుని నాలుగే నాలుగు ఫ్రేముల్లో, నిలబడటం, నడవడం, కొరడా ఎత్తడం, విసరడం, గీసి పట్టుకెళితే మొదటి రోజు సాయంత్రానికల్లా తెర మీద కదులుతూ కనబడొచ్చు.