మూడేళ్లు ట్రైలర్, మూడేళ్లు వ్యాన్: డర్ట్ బైకులు మోసిన నా అనుభవం

మట్టి దిన్నెల మీద నడపడానికే చేసిన నా డర్ట్ బైకు కవాసకి కేఎక్స్ 250కి హెడ్‌లైటు లేదు, ఇండికేటర్లు లేవు, నంబరు ప్లేటు లేదు. రోడ్డు కోసం చేసిన బండి కాదు కాబట్టి రిజిస్ట్రేషన్ కూడా కాదు. హనుమకొండలో మా ఇంటి గేటు దాటాలంటే దాన్ని ఇంకో బండి మోయవలసిందే. మా మేనల్లుడిది హీరో ఎక్స్‌పల్స్ 200. అది రోడ్డు బండే అయినా, గుబ్బల టైర్లు వేశాక తారు రోడ్డు మీద నడిపితే చూస్తుండగానే గుబ్బలు అరిగిపోతాయి. పైగా మట్టిలో పడి క్లచ్ లీవరు విరిగిందంటే దాన్ని నడుపుకుంటూ ఇంటికి రాలేము.

మేము సాధన చేసేది పరకాల దాటాక ఒక బంధువు మొరం దిన్నెల మీద. అడిగి, అనుమతి తీసుకున్న పట్టా భూమి. రానూ పోనూ దాదాపు 80 కిలోమీటర్లు. సంవత్సరానికి ఒకటి రెండుసార్లు పుణే దాకా, అంటే ఒక్క వైపే సుమారు 700 కిలోమీటర్లు వెళ్తాము. ఈ రెండు రకాల ప్రయాణాలకూ మొదట మూడేళ్లు ట్రైలర్ వాడాను. తర్వాత ఇప్పటికి మూడేళ్లకు పైగా వ్యాన్ వాడుతున్నాను.

మన దారులకు నా ఓటు వ్యాన్‌కే. కారణం మాత్రం కొనేముందు నేను ఊహించుకున్నది కాదు. పొద్దున్నే ఆరింటికి ఉత్సాహంగా బయలుదేరేటప్పుడు రెండూ బాగానే ఉంటాయి. సాయంత్రం చేతులు వణుకుతుండగా, మోచెయ్యి గీరుకుపోయి, చీకటి పడే వేళ తిరుగు ముఖం పట్టినప్పుడే ఏది నయమో తేలుతుంది.

ట్రైలర్ సంగతి ముందు చెబుతాను. రెండు చక్రాలు, ఒక ఇరుసు, బైకు టైరు కూర్చునేలా రెండు ఇనుప కాలువలు. కాగితాలన్నీ సరిగా ఉన్న పాతదాన్ని 85 వేలకు కొన్నాను. లాగడానికి ఇంట్లో బొలెరో ఉంది. కాగితాల విషయం ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. ట్రాక్టరు ట్రాలీలు చేసే ఒక వెల్డింగ్ దుకాణంలో అందులో సగం ధరకే చేసిస్తామన్నారు, రిజిస్ట్రేషన్ మాట ఎత్తితే జవాబు లేదు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్‌కు కూడా రిజిస్ట్రేషన్ ఉండాలి, దాని వెనుక లాగే బండి నంబరు కనిపించాలి. ఏదైనా ప్రమాదం జరిగిన రోజున బీమా వారు మొదట అడిగేది ఈ కాగితాలే. చవకగా వస్తుందని ఈ విషయంలో తొందరపడకండి.

ట్రైలర్‌లో నాకు నిజంగా నచ్చింది దాని నేల ఎత్తు. మోకాలి దాకా కూడా రాదు. చిన్న పలక ఒకటి ఆనించి, ఇంజిన్ ఆన్ చేయకుండానే నూరు కిలోలు దాటిన కేఎక్స్‌ను ఒక్కడినే ఎక్కించేవాడిని. 150 కిలోలు దాటే ఎక్స్‌పల్స్‌కు కూడా ఇంకొకరి చెయ్యి అవసరమయ్యేది కాదు. బురద, పెట్రోలు వాసన, ఆయిలు మరక, ఏదీ మనం కూర్చునే చోటికి రాదు. దిగగానే బైకులను ట్రైలర్ మీదే నీళ్లు కొట్టి కడిగేయవచ్చు. ఈ సుఖం వ్యాన్‌లో ఇప్పటికీ నాకు దొరకలేదు.

అయితే ట్రైలర్‌ను అర్థం చేసుకోవడానికి నాకు ఒక భయం కావలసి వచ్చింది. మొదటి నెలలో ఒకసారి ఎక్స్‌పల్స్ ఒక్కటే వేసుకుని హైదరాబాద్ వైపు వెళ్తున్నాను. దించేటప్పుడు సులువుగా ఉంటుందని దాన్ని బాగా వెనక్కి జరిపి కట్టాను. రఘునాథపల్లి దగ్గర వేగం 80కి చేరేసరికి వెనక నుంచి ఎవరో బొలెరోను పట్టి ఊపుతున్నట్టు అనిపించింది. అద్దంలో చూస్తే ట్రైలర్ చేప తోకలా ఇటూ అటూ కొడుతోంది. బ్రేకు తొక్కాలనిపించింది కానీ తొక్కలేదు. స్టీరింగ్ కదపకుండా యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేశాను. వేగం తగ్గేకొద్దీ ఊగుడు ఆగింది. ఇరుసుకు వెనక బరువు ఎక్కువైతే ట్రైలర్ ముక్కు పైకి లేస్తుంది, దానితో పాటు లాగే బండి వెనక చక్రాల మీది బరువూ తగ్గుతుంది. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు కొక్కెం మీద పడేలా సర్దుకోవాలి. ఆ రోజు తర్వాత బైకు ఇంజిన్ ఇరుసుకు కాస్త ముందు ఉండేలా కాలువల మీద పెయింటుతో గీత గీసుకున్నాను. వేగం 60 దాటనివ్వలేదు.

ఇక స్పీడ్ బ్రేకర్లు. గూడెప్పాడ్ దగ్గర ములుగు రోడ్డు వదిలి పరకాల వైపు తిరిగాక ప్రతి ఊరి మొదట్లోనూ చివర్లోనూ అవే. బొలెరో ముందు చక్రాలు, వెనక చక్రాలు, ఆ తర్వాత ట్రైలర్ చక్రాలు: ఒక్కో స్పీడ్ బ్రేకర్‌ను మూడుసార్లు దాటాలి. ట్రైలర్ కమాను పట్టీలు బరువుకు తగ్గట్టు గట్టివి, మన బైకులేమో తేలిక. అందుకని అది ఎగిరి పడుతుంది. పడినప్పుడు బైకు ఫోర్కులు, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే స్ప్రింగు గొట్టాలు, ఇంకొంచెం కిందికి నొక్కుకుంటాయి, బైకును కట్టిన పట్టీ ఒక్క క్షణం వదులవుతుంది, పట్టీ చివర మూతి తెరిచి ఉండే మామూలు కొక్కెం ఆ క్షణంలోనే జారిపోతుంది. నాకు రెండుసార్లు జారింది. మూత ఉన్న కొక్కేలు కొన్నాకే నిద్ర పట్టింది. పిడి ఆడిస్తూ బిగించే ర్యాచెట్ పట్టీ చేతిలో ఉంది కదా అని ఫోర్కులను పూర్తిగా కిందికి గుంజి కట్టినా ముప్పే, వాటిలోని నూనె కారకుండా ఆపే ఆయిల్ సీళ్లు పోతాయి. ముందు టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ఒక చెక్క దిమ్మె పెట్టి, సగం దాకా మాత్రమే నొక్కుకునేలా కట్టాలి. పది పదిహేను కిలోమీటర్లు వెళ్లాక ఆగి మళ్లీ బిగించాలి. ఈ పద్ధతి వ్యాన్‌లోనూ అంతే.

ఆ మూడేళ్లలో బాగా అలసిపోయిన రోజు ఒకటి చెబుతాను. వానాకాలంలో ఒక స్నేహితుడి చేను చూద్దామని ములుగు వైపు వెళ్లాము. కటాక్షాపూర్ చెరువు మత్తడి పడితే నీళ్లు రోడ్డు మీదికి వస్తాయని ఇక్కడివారందరికీ తెలుసు. మేము చేరేసరికి అదే జరిగింది. ముందు నీళ్లు, వెనక వరుసగా బండ్లు. ట్రైలర్‌ను వెనక్కి నడపాలంటే స్టీరింగ్ వ్యతిరేక దిశలో తిప్పాలి. పొట్టి ట్రైలర్ అయితే మరీ కష్టం, కన్ను తిప్పేలోపు అడ్డం పడుతుంది. నాలుగుసార్లు ప్రయత్నించి, చివరికి వానలో బైకులు దించి, కొక్కెం విప్పి, ట్రైలర్‌ను చేతులతో తిప్పి మళ్లీ తగిలించాము. వెనక ఉన్న లారీ డ్రైవర్ దిగి వచ్చి భుజం పట్టాడు. ఆయన లేకపోతే ఇంకో గంట పట్టేది.

అయినా ట్రైలర్‌ను అమ్మించింది ఆ వాన కాదు, మిర్చి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలతో ట్రాక్టర్లు, డీసీఎంలు రాత్రంతా వస్తూనే ఉంటాయి. వెనక లైటు లేని ట్రాలీలను చీకట్లో చివరి క్షణంలో చూసి తప్పించుకోవడం ఈ రోడ్ల మీద తిరిగేవారికి అలవాటే. ఒక ఫిబ్రవరి రాత్రి పరకాల నుంచి వస్తూ టీ కోసం ఆగాము. మేనల్లుడు వెనక్కి వెళ్లి వచ్చి, “మామయ్యా, మన ట్రైలర్ లైట్లు ఒక్కటీ వెలగడం లేదు” అన్నాడు. స్పీడ్ బ్రేకర్ల అదురుకు ప్లగ్గు ఊడి, తీగ రోడ్డుకు రాసుకుని తెగిపోయింది. ఎంత దూరం నుంచి అలా వస్తున్నామో తెలియదు. నేను తిట్టుకుంటూ వచ్చిన ట్రాలీల వంటిదే నా వెనకా ఉంది. మిగతా దారంతా మేనల్లుడు బొలెరో వెనక సీట్లో కూర్చుని ఫోను లైటు ఊపుతూ వచ్చాడు. ఆ నెలలోనే ట్రైలర్‌ను అమ్మకానికి పెట్టాను.

వ్యాన్ కొనేముందు టేపు పట్టుకుని కొలవండి. ఇది నా గట్టి విన్నపం. కేఎక్స్ పొడవు దాదాపు 2.2 మీటర్లు, ఎక్స్‌పల్స్‌దీ అంతే. హ్యాండిల్ ఎత్తు నాలుగు అడుగులు దాటుతుంది. మారుతి ఈకో వంటి చిన్న వ్యాన్ మొత్తం పొడవే 3.7 మీటర్ల లోపు. అందులో ముందు సీట్లు పోగా మిగిలే చోటులో బైకు నిలువుగా పట్టదు, హ్యాండిల్ పైకప్పుకు తగులుతుంది. ప్రతిసారీ హ్యాండిల్, ముందు చక్రం విప్పే ఓపిక ఉన్నవారికి తప్ప అది కుదరదు. రెండు బైకులకు కావలసింది ఫోర్స్ ట్రావెలర్, టాటా వింగర్ తరహా ఎత్తు పైకప్పు డెలివరీ వ్యాన్. అటువంటిదే, ఎనిమిదేళ్లు వాడినది, 4 లక్షల 60 వేలకు దొరికింది. కారు లైసెన్సుతోనే నడుపుతున్నాను. మొత్తం బరువు 7,500 కిలోలు మించని రవాణా వాహనాన్ని తేలికపాటి మోటారు వాహన లైసెన్సుతో నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో స్పష్టం చేసింది. సరుకు బండి కాబట్టి ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు, ఎనిమిదేళ్లు దాటిన వాటికి ఏటా చేయించాలి. కొనే ధరలో ఈ ఖర్చునూ లెక్క వేసుకోండి.

లోపల 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పరిచి, దాని మీద రబ్బరు పట్టా వేయించాను. కింద ఛాసిస్‌కు, అంటే బండి ఇనుప చట్రానికి, బిగించిన ఎనిమిది ఇనుప రింగులు ఉన్నాయి. రేకుకు బిగిస్తే ఒక్క గట్టి బ్రేకుకే ఊడి వస్తాయి, వెనక కట్టిన బైకు మన వీపు మీదికే వస్తుంది. ఇదొక్కటీ నిర్లక్ష్యం చేయవద్దు.

వ్యాన్‌తో నాకు ఉన్న పెద్ద ఇబ్బంది ఎక్కించడమే. నేల నడుము దగ్గరికి వస్తుంది. మొదట ఆరడుగుల ర్యాంపు వాడాము, నిట్టనిలువుగా ఉండేది. బైకు దాని మీద ఎక్కుతుంది కానీ పక్కన నడిచే మనిషికి అడుగు పెట్టే చోటు ఉండదు. ఒక సాయంత్రం మేనల్లుడి బూటు బురదకు జారి ఎక్స్‌పల్స్ అతని మోకాలి మీద పడింది. మూడు వారాలు కుంటాడు. ఇప్పుడు ర్యాంపు ఎనిమిది అడుగులు, పక్కనే మనిషి నడవడానికి ఇంకో పలక. వీలైతే వ్యాన్ వెనక చక్రాలను పల్లంలో నిలుపుతాను, నేల నాలుగైదు అంగుళాలు దిగుతుంది. ఇద్దరం లేనిదే ఎక్స్‌పల్స్‌ను ఎక్కించము. అలసిపోయిన సాయంత్రమే బాగుండాలని చెప్పిన నేనే, ఆ సాయంత్రపు మొదటి పది నిమిషాలు ట్రైలర్‌తోనే సుఖమని ఒప్పుకోవాలి. కానీ తలుపులు మూసి తాళం వేశాక మిగిలిన ప్రయాణమంతా వ్యాన్‌దే. స్పీడ్ బ్రేకర్ మామూలు స్పీడ్ బ్రేకరే, వెనక్కి తిప్పడం మామూలు తిప్పడమే, లైట్లు బండితో పుట్టిన లైట్లు.

మే నెల ఎండలో మూసిన వ్యాన్‌లో పెట్రోలు ఆవిరి గురించి జాగ్రత్త పడండి. పైకప్పుకు గాలి ఆడే వెంటిలేటర్ ఒకటి బిగించాను, ట్యాంకు సగానికి మించి నింపను, క్యానులో విడిగా పెట్రోలు పెట్టను. కార్బ్యురేటర్ ఉన్న పాత బైకు అయితే పెట్రోలు ట్యాప్ కట్టేయడం మరవకండి. బురద సంగతి ఇంకొకటి. మొరం దులిపితే పోతుంది, నల్లరేగడి అయితే ఇనుములా పట్టుకుంటుంది. పత్తి చేలలో మందు కొట్టే బ్యాటరీ పంపు కొత్తది ఒకటి కొని, అందులో నీళ్లు మాత్రమే పోసి ఉంచుకున్నాను. ఎక్కించే ముందు పదహారు లీటర్లతో రెండు బైకుల టైర్లూ, గొలుసులూ శుభ్రమవుతాయి. మందు కొట్టిన పాత పంపును మాత్రం వాడకండి.

పుణే ప్రయాణాల్లో తేడా ఇంకా తెలుస్తుంది. ట్రైలర్ ఉన్న రోజుల్లో షోలాపూర్‌లో లాడ్జి ముందు బొలెరోలోనే పడుకుని రాత్రంతా బైకులకు కాపలా కాశాను. పొద్దున మళ్లీ 250 కిలోమీటర్లు నడపాలి. ఇప్పుడు వ్యాన్‌కు తాళం వేసి గదిలో నిద్రపోతున్నాను. ఒకసారి గది దొరకకపోతే బైకుల పక్కనే పరుపు వేసుకున్నాము.

డీజిల్ లెక్క చూస్తే పెద్ద తేడా లేదు. బొలెరో ఒంటరిగా లీటరుకు 14 ఇచ్చేది, ట్రైలర్‌తో 11కు దిగేది. వ్యాన్ 10, 11 మధ్య ఇస్తుంది. అసలు తేడా కొనే ధరలో, నిలిపే చోటులో ఉంది. ట్రైలర్‌ను ఇంటి ప్రహరీ లోపల గోడకు ఆనించి నిలబెట్టేవాడిని. వ్యాన్‌కు చోటు లేక, వారం రోజులూ తమ్ముడి మోటారు పంపుల దుకాణం ముందు ఉంటుంది. అక్కడ సరుకు మోస్తుంది కాబట్టి దాని ఖర్చు గిట్టుబాటవుతోంది. ఆదివారానికి మాత్రమే అయితే ఈ వ్యాన్ కొనమని నేను ఎవరికీ చెప్పను.

నా ట్రైలర్ కొన్నది హుజూరాబాద్ దగ్గర ఒక రైతు. ఇంటి నుంచి ఆయన దిన్నె ఆరు కిలోమీటర్లు, దారిలో రెండే స్పీడ్ బ్రేకర్లు, చీకటి పడకముందే ఇల్లు చేరుతాడు. ట్రాక్టరు ట్రాలీని వెనక్కి నడిపిన చెయ్యి కాబట్టి ట్రైలర్ ఆయన చెప్పినట్టు వింటుంది. మొన్న వెళ్లి చూస్తే బేరింగులకు గ్రీజు పెట్టి, లైట్ల తీగను ఇనుప గొట్టంలోంచి లాగి ఉంచాడు. కాలువల మీద నేను గీసిన పెయింటు గీత అలాగే ఉంది, దాని మీద మళ్లీ కొత్తగా ఎర్ర రంగు వేశాడు.