బిగించి కట్టిన ఇంట్లో చెమ్మ: ఏసీ మేలా, డీహ్యుమిడిఫైయర్ మేలా, ఎగ్జాస్ట్ ఫ్యాన్ చాలా?

భీమవరం, పాలకొల్లు, అమలాపురం ఎక్కడ చూసినా కొత్త ఇళ్ల తీరు మారిపోయింది. తేలిక ఇటుకల గోడలు, రబ్బరు పట్టీలతో బిగుసుకునే యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీలు, శ్లాబు మీద వేడిని ఆపే పూత, లోపల ఫాల్స్ సీలింగ్. రోహిణి కార్తెలో ఈ ఇళ్లు నిజంగానే హాయిగా ఉంటాయి. ముసురు పట్టాకే ఇబ్బంది మొదలవుతుంది. గది చల్లగానే ఉంటుంది కానీ దుప్పటి తడిగా తగులుతుంది. బీరువా తెరిస్తే ముక్కవాసన. తోలు బెల్టుల మీద తెల్లగా బూజు. తెల్లారేసరికి కిటికీ అద్దాలు చెమర్చి ఉంటాయి.

దీనికి ఒక్కొక్కరు ఒక్కో మందు చెబుతారు. కిటికీలు తెరవమంటారు ఒకరు, ఏసీని డ్రై మోడ్‌లో పెట్టమంటారు ఇంకొకరు, గాలిలోని తేమను నీరుగా లాగే యంత్రం డీహ్యుమిడిఫైయర్ కొనమంటారు మరొకరు. మూలమూలలా తేమ పీల్చే డబ్బాలు పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. నా లెక్కలో డెల్టా ఇంటికి మొదటి ఖర్చు వంటగదికీ బాత్రూమ్‌కీ మంచి ఎగ్జాస్ట్ ఫ్యాన్లు. రెండోది, గదికి సరిపడా సైజులో ఏసీని తెచ్చుకుని సరిగ్గా వాడటం. డీహ్యుమిడిఫైయర్ ఆ తర్వాతే, అదీ అందరికీ అవసరం లేదు. వీటన్నిటికన్నా ముందు, కొన్ని వందల రూపాయలకు దొరికే తేమ మీటరు ఒకటి కొని పడకగదిలో పెట్టండి. 60 శాతం లోపు ఉంటే భయం లేదు. రోజుల తరబడి 70, 80 చూపిస్తుంటే మాత్రం బూజుకు మీరే చోటిచ్చినట్టు.

కిటికీలు తెరవమనే సలహా గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇంటర్నెట్‌లో అందరూ మొదట చెప్పేది అదే. ఆ సలహా చలి దేశాల్లో పుట్టింది. అక్కడ బయటి గాలి చల్లగా ఉంటుంది, చల్లటి గాలిలో నీరు తక్కువ. తలుపు తీస్తే పొడిగాలి వస్తుంది, లోపలి తేమ పోతుంది. మన దగ్గర శ్రావణ మాసంలో సంగతి తలకిందులు. బయట 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్నప్పుడు ఒక్క ఘనపు మీటరు గాలిలో సుమారు 24 గ్రాముల నీరు ఉంటుంది. ఏసీ వేసి 25 డిగ్రీలు, 55 శాతం దగ్గర నిలిపిన గదిలో 13 గ్రాములే. పన్నెండడుగుల పొడవు, వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న గదిలో దాదాపు 40 ఘనపు మీటర్ల గాలి పడుతుంది. కిటికీ తీసి ఆ గాలి ఒక్కసారి మారిందంటే అర లీటరుకు కాస్త తక్కువ నీటిని గదిలోకి పిలిచినట్టే. ఇక చుట్టూ వరి చేలు, చేపల చెరువులు ఉన్న ఊళ్లో అయితే చెప్పక్కర్లేదు.

అద్దాలు చెమర్చడమూ అక్కడా ఇక్కడా ఒకటి కాదు. చలి దేశాల్లో అద్దం లోపలి వైపు తడుస్తుంది. మనకి ఏసీ గది అద్దం చాలాసార్లు బయటి వైపు తడుస్తుంది, ఫ్రిజ్ నీళ్లు పోసిన స్టీలు చెంబు బయట చెమర్చినట్టే. బయట 28 డిగ్రీలు, 85 శాతం తేమ ఉందనుకుందాం. అప్పుడు 25 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న దేనికి తగిలినా ఆ గాలి నీళ్లు కారుస్తుంది. ఏసీ గాలి నేరుగా అద్దానికి కొట్టేలా ఉండి, బయట గాలి ఆడకపోతే, ఒకే అద్దం ఉన్న కిటికీ తడవక తప్పదు. రెండు అద్దాల కిటికీలో బయటి అద్దం అంత చల్లబడదు కాబట్టి అక్కడ ఈ గొడవ తక్కువ. అద్దం బయట నీళ్లు కారితే తుడుచుకుంటే పోతుంది. అసలు ప్రమాదం కంటికి కనబడని చోట ఉంది. ఏసీ గదికీ పక్కనున్న స్టోర్ రూమ్‌కీ మధ్య నాలుగున్నర అంగుళాల గోడే ఉంటుంది. ఏసీని 20లో పెట్టి రాత్రంతా నడిపితే ఆ గోడ అవతలి వైపు కూడా చల్లబడుతుంది. స్టోర్ రూమ్ గాలి దాని మీద చెమర్చుతుంది, లేదా చెమర్చేంత దగ్గరికి వస్తుంది. ఆ గోడకు ఆనించి బీరువా పెట్టారంటే వెనకాల బూజు పట్టడానికి ఒక్క సీజన్ చాలు. చాలా ఇళ్లలో 'గోడ లీకేజీ' అని మేస్త్రీని పిలిచేది దీనికే. 'ఏం కాదండీ, పుట్టీ కొట్టేద్దాం' అంటాడాయన. మళ్లీ ఏడాది అదే మచ్చ.

మన పాత మండువా లోగిళ్లలో ఈ బాధ లేదంటే, ఆ ఇళ్లు పొడిగా ఉండేవని కాదు. లోపలా బయటా గాలి ఒకటే, వేడీ ఒకటే. చల్లబడిన గోడ అంటూ లేదు కాబట్టి నీరు పట్టే చోటూ లేదు. సున్నపు గోడ కాస్త తేమను పీల్చుకుని మళ్లీ వదిలేసేది. ఇప్పటి ఇంట్లో లోపలి గాలిని బయటి గాలి నుంచి వేరు చేశాం. అందుకే లోపల పుట్టే తేమ సంగతి కూడా మనమే చూసుకోవాలి.

లోపల ఎంత పుడుతుందో చాలామందికి అంచనా లేదు. ఒక కిలో గ్యాస్ మండితే సుమారు 1.6 కిలోల నీటి ఆవిరి వస్తుంది. అంటే 14.2 కిలోల సిలిండర్ ఖాళీ అయ్యేసరికి మంట నుంచే 22 లీటర్లకు పైగా నీరు వంటగది గాలిలో కలిసింది. అన్నం, చారు, ఇడ్లీ పాత్రల నుంచి లేచే ఆవిరి దీనికి అదనం. ఐదు కిలోల బట్టల్లో మెషిన్ పిండేశాక కూడా రెండు లీటర్ల పైన నీరు మిగులుతుంది. వాటిని హాల్లో ఫ్యాన్ కింద ఆరేస్తే ఆ నీరంతా ఇంట్లోనే ఉంటుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ను మొదట పెట్టమనడం ఇందుకే. పుట్టిన చోటే పట్టి బయటికి తోసేస్తే పడకగది దాకా రాదు. కాకపోతే రెండు జాగ్రత్తలు. వంటింటి చిమ్నీకి గొట్టం గోడ బయటికి ఉండాలి. గొట్టం లేని చిమ్నీ జిడ్డునీ వాసననీ పడుతుంది గానీ ఆవిరిని మళ్లీ వంటగదిలోకే వదులుతుంది. రెండోది, వానాకాలంలో ఎగ్జాస్ట్‌ను రోజంతా వదిలేయకండి. అది ఎంత గాలిని బయటికి పంపితే అంత తడిగాలి సందుల్లోంచి లోపలికి వస్తుంది. స్నానం అయ్యాక పావుగంట, ఇరవై నిమిషాలు నడిపి కట్టేస్తే చాలు.

ఇప్పుడు ఏసీ. ఏసీ ఉన్నవాళ్లకు డీహ్యుమిడిఫైయర్ ఎందుకు, అది కూడా నీళ్లు తీస్తుంది కదా అంటారు. నిజమే. ఉక్కపోత రోజున ఒకటిన్నర టన్ను ఏసీ గంటకు లీటరు పైన నీరు కార్చగలదు. బాగా ఇన్సులేషన్ చేసిన ఇంట్లోనే తిరకాసు. గోడలు, శ్లాబు వేడిని లోపలికి రానివ్వవు కాబట్టి ఏసీకి పని తక్కువ. పది నిమిషాల్లో గది 24కి వస్తుంది, కంప్రెసర్ ఆగుతుంది లేదా నెమ్మదిస్తుంది. నీరు తీయాలంటే లోపలి కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట) బాగా చల్లగా ఉండాలి, అదీ కాసేపు ఆగకుండా. కంప్రెసర్ ఆగి ఫ్యాన్ మాత్రం తిరుగుతుంటే కాయిల్‌కు అంటుకున్న నీరు కూడా ఆవిరై మళ్లీ గదిలోకే వస్తుంది. వేడి తగ్గింది, తేమ తగ్గలేదు. దుప్పటి తడిగా తగలడానికి కారణం ఇదే. జనం అప్పుడు ఏసీని ఇంకా తగ్గించి 18లో పెడతారు. గోడలు ఇంకా చల్లబడతాయి, పక్క గదిలో బూజు ఇంకా పెరుగుతుంది.

అందుకని ఇన్సులేషన్ ఉన్న చిన్న పడకగదికి ఒకటిన్నర టన్ను ఏసీ పెట్టించుకోవద్దు. ఒక టన్ను, కొన్నిచోట్ల ముప్పాతిక టన్ను మేలు. చిన్నదైతే ఎక్కువసేపు నడుస్తుంది, ఎక్కువ నీరు తీస్తుంది. దుకాణంలో 'పెద్దది తీసుకోండి, తొందరగా చల్లబడుతుంది' అంటారు, ఆ మాటకు లొంగకండి. స్టార్ రేటింగ్ ఉన్న గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీలు చూపించాలని 2020 జనవరి నుంచి నిబంధన ఉంది. మన వానాకాలానికి 25, 26 పెట్టుకుని సీలింగ్ ఫ్యాన్ వేసుకుంటే ఒంటికీ బాగుంటుంది, గోడలకీ బాగుంటుంది. మరీ ఎండ లేని ముసురు రోజుల్లో డ్రై మోడ్ పనికొస్తుంది. అందులో ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి గాలి కాయిల్ దగ్గర ఎక్కువసేపు ఉండి నీరు వదులుతుంది. కానీ వాన పడుతూ బయటే 25 డిగ్రీలు ఉన్న రాత్రి, ఏ మోడ్ పెట్టినా ఏసీ చాలినంత నీరు తీయకముందే గదిలో చలేస్తుంది.

డీహ్యుమిడిఫైయర్ ఏసీని మించేది సరిగ్గా ఇలాంటి రోజుల్లోనే. అది గదిని చల్లబరచదు, నీరు మాత్రమే తీస్తుంది. ఇంకా చెప్పాలంటే గదిని కాస్త వేడెక్కిస్తుంది. తీసిన ప్రతి లీటరు నీటికీ సుమారు 0.68 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి, దాని మీద అది వాడిన కరెంటంతా వేడిగా గదిలోకే వస్తుంది. మే నెల ఉక్కలో అది భరించలేం. ముసురు పట్టిన రోజున, మూసిన గదిలో తడి బట్టలు ఆరబెట్టడానికి మాత్రం దీన్ని మించింది లేదు. బట్టల నీరు హాల్లోకి పోకుండా తొట్టెలోకి చేరుతుంది. పట్టుచీరలు, పుస్తకాలు ఉన్న గదికీ, ఏసీ లేని కింది అంతస్తు గదికీ ఇదే సరైనది.

కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. డబ్బా మీద 'రోజుకు ఇన్ని లీటర్లు' అని రాసేది ఎక్కువగా 30 డిగ్రీలు, 80 శాతం తేమ దగ్గరి లెక్క. గది 60 శాతానికి వచ్చేసరికి అది తీసే నీరు సగానికి పడిపోవచ్చు. అరచేతి పొడవున్న చిన్న మోడళ్లు, కంప్రెసర్ లేనివి, రోజంతా తిరిగినా అర లీటరు తీయడం కష్టం. అవి గదికి దండగ. కరెంటు పోయి వచ్చాక తనంతట తాను మళ్లీ మొదలయ్యేదీ, నీటికి పైపు తగిలించుకునే వీలున్నదీ తీసుకోవాలి. 300 వాట్ల యంత్రం ఎనిమిది గంటలు నడిస్తే రెండున్నర యూనిట్లకు దగ్గర కాలుతుంది. బిల్లు గురించి టెన్షన్ పడేంత కాదు, మరీ తక్కువా కాదు.

తేమ పీల్చే డబ్బాలు బీరువా లోపల, తలుపు బిగుతుగా ఉంటే పనిచేస్తాయి. గదిలో పెడితే వృథా. కిందటి లెక్క చూడండి, గాలి ఒక్కసారి మారితేనే అర లీటరు దాకా వస్తోంది. డబ్బాలో చేరే నీరు తోలుకూ లోహానికీ మంచిది కాదు, ఒలక్కుండా చూసుకోవాలి.

గోడ అడుగున, నేల నుంచి రెండు మూడడుగుల ఎత్తు దాకా పెచ్చులూడి ఉప్పు పూస్తుంటే మాత్రం పైన చెప్పినవేవీ కొనకండి. అది గాలిలోంచి వచ్చిన తేమ కాదు, నేలలోంచి పాకిన చెమ్మ. డెల్టాలో నీరు పైపైనే ఉంటుంది, సముద్రం వైపు పోయేకొద్దీ ఉప్పు కూడా. అలాంటి గోడ ముందు డీహ్యుమిడిఫైయర్ నడిపితే నీరు ఇంకా వేగంగా పైకి లాగి ఉప్పును గోడ మీదకి తెస్తుంది. తేడా తెలుసుకోవడానికి గోడ మీద ఒక పాలిథిన్ ముక్క నాలుగు వైపులా టేపు వేసి అంటించి రెండు రోజులు ఉంచండి. చుక్కలు గది వైపు కనిపిస్తే గాలిలోది, గోడ వైపు కనిపిస్తే నేలది. నేలదైతే పునాది మీద డీపీసీ (చెమ్మ పైకి పాకకుండా వేసే పొర) సంగతి తెలిసిన ఇంజినీరును పిలవాలి.

ఇక కిటికీలను ఏడాది పొడవునా మూసుకోమని నేననడం లేదు. పుష్యం, మాఘం నెలల్లో బయటి గాలిలో నీరు ఘనపు మీటరుకు 15 గ్రాముల దగ్గరికి దిగుతుంది. మంచు విడిచాక, పది గంటల నుంచి సాయంత్రం దాకా కిటికీలు బార్లా తీస్తే ఏ యంత్రమూ అక్కర్లేదు. మేలో పడమటి గాలి కొట్టే మధ్యాహ్నాలు కూడా పొడివే. పరుపులు, బీరువాలో బట్టలు గాలికి పెట్టుకోవాల్సింది అప్పుడే. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి ఇంటికి తాళం వేసి ఉంటే, పక్కింటి వాళ్లకు తాళంచెవి ఇచ్చి ఈ రెండు సీజన్లలో వారానికోసారి తలుపులు తీయించండి. వానాకాలానికి డీహ్యుమిడిఫైయర్ పెట్టి వెళ్లాలనుకుంటే 60 శాతం దగ్గర ఆగేలా సెట్ చేసి, పైపు బాత్రూమ్‌లోకి వదలండి. మనిషి వచ్చి చూసుకునే రోజుల్లోనే నడిపించండి. ఎవరూ లేని ఇంట్లో నెలల తరబడి అలా వదిలేయడం మంచిది కాదు.