పాత మ్యాసీ 1035: సెల్ఫ్, క్లచ్ సంగతులు

కళ్యాణదుర్గం దగ్గర మా వేరుశనగ పొలంలో మ్యాసీ ఫెర్గూసన్ 1035 ట్రాక్టర్ ఇప్పటికీ సేద్యం చేస్తోంది. నాన్న కొన్న బండి. మూడు సిలిండర్ల సింప్సన్ ఇంజన్ మీద నాకు ఎంత గురో చెప్పలేను. ఎర్రనేలలో కల్టివేటర్ లాగడానికి, కాయల మూటలు ట్రాలీలో మార్కెట్‌కు చేర్చడానికి దీని బలం చాలు. వయసు మీద పడ్డాక సతాయించేవి రెండే: స్టార్టింగ్, క్లచ్. షెడ్డుకు తీసుకెళ్తే సెల్ఫ్ (ఇంజన్‌ను తిప్పి స్టార్ట్ చేసే మోటారు) పోయిందనో క్లచ్ ప్లేటు పోయిందనో అంటారు. ఆ మాట నమ్మేముందు ఇంటి దగ్గరే చూసుకోవలసినవి చాలా ఉన్నాయి.

కీ తిప్పగానే టక్కుమని ఆగిపోతే బ్యాటరీ టెర్మినళ్లు విప్పండి, ఎర్త్ (నెగెటివ్) వైపుది ముందు. పైకి బిగుతుగా కనిపించే క్లిప్పు లోపల బూడిదరంగు పొర పేరుకుని ఉంటుంది. ఉప్పుకాగితంతో రుద్ది మెరిసేదాకా శుభ్రం చేయాలి. మా బండికి రంగు వేయించాక వచ్చిన జబ్బు వేరు: ఎర్త్ వైరు బోల్టు కింద పెయింటు పొర! వోల్టులు చూపే మల్టీమీటర్ ఒక కొసను బ్యాటరీ నెగెటివ్ మొనకు, రెండోది ఇంజన్ ఇనుముకు ఆనించి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు దాటితే లోపం ఆ దారిలోనే ఉంది.

సెల్ఫ్ గట్టిగా తిరుగుతున్నా సైలెన్సర్ నుంచి పొగ రాకపోతే డీజిల్ అందడం లేదన్నమాట. ఇంజన్ ఆపే తీగ పూర్తిగా వెనక్కి వెళ్లిందో లేదో చూడండి. తర్వాత ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా చేతిపంపు కొట్టాలి.

క్లచ్ సంగతికి ఓపిక కావాలి. విత్తనం వేశాక కోతల దాకా బండిని కదపకపోతే, వానల తేమకు ప్లేటు తుప్పుపట్టి ఫ్లైవీల్‌కు (ఇంజన్ వెనక తిరిగే బరువైన చక్రానికి) అతుక్కుంటుంది. పెడల్ కిందికి దిగుతుంది, గేరు మాత్రం కరకరలాడుతుంది. అలాంటప్పుడు గేరులో ఉంచి సెల్ఫ్ కొట్టకండి, బండి ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. న్యూట్రల్‌లో ఇంజన్‌ను బాగా వేడెక్కించి ఆపేసి, పెడల్‌ను పూర్తిగా తొక్కి, కర్ర ఆనించి రాత్రంతా వదిలేయండి. మాకు ఎక్కువసార్లు ఇంతటితోనే ఊడింది. పని లేని నెలల్లో వారానికొకసారి స్టార్ట్ చేసి క్లచ్ తొక్కుతుంటే అసలు ఆ బాధే ఉండదు.

ట్రాలీతో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ మోత పెరిగి వేగం పడిపోతే అది క్లచ్ జారుడు. ప్లేటు అరిగేకొద్దీ పెడల్ ఖాళీ (క్లచ్ పట్టేముందు పెడల్ ఊరికే కదిలే దూరం) తగ్గుతుంది, ముందు దాన్ని సరిచేయాలి. అప్పటికీ జారుతుంటే బండిని మధ్యకు విడదీయక తప్పదు. కూలి ఖర్చంతా అక్కడే. విప్పినప్పుడే రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే క్లచ్‌ను నొక్కేది), క్రాంకు వెనక ఆయిల్ సీలు కూడా మార్పించండి. ఆ సీలు కారితే కొత్త ప్లేటు నూనెలో తడిసి, మళ్లీ బండి విప్పాల్సి వస్తుంది.